కశింకోటలో గీత.. మద్రాసులో అచ్చు

డిజైన్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారా? చందమామ ముఖచిత్రాల వడ్డాది పాపయ్య జీవితంలో మీకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి

గ్రాఫిక్ డిజైనర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో మీకు ఫొటోషాప్ ఎంత వచ్చో రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ తర్వాత మీ పోర్ట్‌ఫోలియోలో ఒక బొమ్మ దగ్గర ఆగి, ఇది ఎలా చేశారో మొదటి నుంచి చెప్పమంటారు. ఎవరిచ్చిన పని? వాళ్లకేం కావాలి? మీరు ఈ దృశ్యాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఈ రంగే ఎందుకు? ఇంకొకరు మార్పు చెప్పినప్పుడు ఏం చేశారు? సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే నీళ్లు నములుతారు.

నా సంగతే చెప్తాను. మాది బొబ్బిలి. బీటెక్ మూడో ఏడాదిలో మా బ్యాచ్ వాళ్లు ‘చివరి ఉత్తరం’ అని ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. పోస్టర్ పని నాకిచ్చి, రెండు పేజీల కథ వాట్సాప్‌లో పంపారు. నేను టైటిల్ మాత్రమే చూశాను. రాత్రంతా కూర్చుని సముద్రం ఒడ్డున ఉత్తరం పట్టుకున్న అమ్మాయిని గీశాను. లైటింగ్ అదిరింది, ఫాంట్ కుదిరింది. తీరా చూస్తే కథ రిటైరవుతున్న ఒక పోస్ట్‌మ్యాన్‌ది. అందులో అమ్మాయే లేదు, సముద్రమూ లేదు. చివరికి వాళ్లు షూటింగ్‌లో ఫోన్‌తో తీసిన ఫొటోనే పోస్టర్‌గా పెట్టుకున్నారు. నా బొమ్మ ఇప్పటికీ డ్రైవ్‌లో పడి ఉంది.

బొమ్మ బాగా వేయడం వేరు, ఇంకొకరి కథకు బొమ్మ వేయడం వేరు అని నాకు అప్పుడు తెలిసింది. ఈ రెండో పనిని మన ఉత్తరాంధ్రలోనే ఒకాయన ఏళ్ల తరబడి చేశారు. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు. ఆయన ఉన్నది మహానగరమూ కాదు. పేరు వడ్డాది పాపయ్య. బొమ్మ మూలన ఉండే సంతకాన్ని బట్టి జనం ‘వపా’ అంటారు. ఆయన్ని డిజైనర్ అని అప్పట్లో ఎవరూ అనలేదు, చిత్రకారుడనే అన్నారు. కానీ ఆయన చేసిన పనికి ఈరోజు కంపెనీలు పెట్టే పేర్లు ఇలస్ట్రేటర్, కవర్ డిజైనర్, విజువల్ డెవలప్‌మెంట్ ఆర్టిస్ట్. అందుకే ఆయన జీవితాన్ని మీ కళ్లతో ఒకసారి చూద్దాం.

ఇంట్లోనే మొదటి క్లాస్‌రూమ్

పాపయ్య 1921 సెప్టెంబర్ 10న శ్రీకాకుళంలో పుట్టారు. తల్లి మహాలక్ష్మి. తండ్రి రామమూర్తి డ్రాయింగ్ మాస్టారు, కొడుక్కి తొలి గురువు కూడా ఆయనే. ఇంట్లో కుంచె, రంగులు, కాగితం ఉండటం, తప్పు గీస్తే సరిదిద్దే మనిషి పక్కనే ఉండటం ఆ పిల్లవాడికి కలిసొచ్చింది.

ఆయన చిన్నతనం గురించి ఒక కథ చెప్తారు. అయిదేళ్ల వయసులో రాజా రవివర్మ గీసిన కోదండరాముడి బొమ్మ చూసి, ఆ స్ఫూర్తితో హనుమంతుణ్ని గీశాడట. ఇక్కడ కాస్త ఆగండి. రవివర్మ అసలు పెయింటింగులు రాజుల ఇళ్లలో ఉండేవి. శ్రీకాకుళం లాంటి ఊళ్లోని పిల్లవాడు వాటిని చూసే అవకాశం ఎక్కడిది? 1894లో రవివర్మ బొంబాయిలో సొంత ప్రెస్ పెట్టాక ఆయన దేవుళ్ల బొమ్మలు రంగుల అచ్చులుగా దేశమంతా తిరిగాయి. మామూలు ఇళ్ల గోడల మీదకు, దుకాణాల్లోకి వచ్చాయి. పాపయ్య తరం బొమ్మల్ని నేర్చుకున్నది అలా అచ్చయిన కాగితాల నుంచే. పెద్దయ్యాక ఆయన బొమ్మలు జనానికి చేరింది కూడా అచ్చు కాగితం మీదే. ఆయన జీవితమంతా ప్రింట్‌తో ముడిపడి ఉంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఆ కథలోనే ఇంకో సంగతి కూడా ఉంది. చూసింది రాముణ్ని, గీసింది హనుమంతుణ్ని. మంచి బొమ్మ కనిపిస్తే మనం అచ్చం అలాగే దించాలని చూస్తాం. అది అభ్యాసానికి మంచిదే. కానీ ఆ బొమ్మ నుంచి ఇంకో బొమ్మ పుట్టినప్పుడే అది మనదవుతుంది. పిన్‌టరెస్ట్‌లో నచ్చింది సేవ్ చేసుకుని అదే మళ్లీ గీసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈసారి రాముడి బొమ్మ నచ్చితే పక్కన హనుమంతుడు ఎలా ఉంటాడో గీసి చూడండి.

బడిలో పాఠాలు, ఇంట్లో బొమ్మలు

పెద్దయ్యాక పాపయ్య అనకాపల్లిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. అనకాపల్లి పక్కనే ఉన్న కశింకోటలో కాపురం. జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. బొబ్బిలి నుంచి రైలెక్కితే విజయనగరం, విశాఖ, అనకాపల్లి దాటాక వచ్చే చిన్న స్టేషన్ కశింకోట. చాలా రైళ్లు అక్కడ ఆగకుండానే వెళ్లిపోతాయి.

బడి పని ఒకవైపు, పత్రికల బొమ్మలు మరోవైపు. ఇప్పుడు మనం సైడ్ ప్రాజెక్ట్ అంటాం కదా, అదే. భారతి, ఆంధ్రపత్రిక వంటి పత్రికల్లో ఆయన చిత్రాలు వచ్చాయి. పెద్ద పెద్ద సాహిత్యవేత్తలు రాసే, చదివే పత్రిక భారతి. అందులో అచ్చయిన బొమ్మ చదువుకున్న ప్రతి తెలుగు ఇంటికీ ఒక విజిటింగ్ కార్డు లాంటిది. ఇన్‌స్టాగ్రామ్ లేని రోజుల్లో చిత్రకారుడికి పత్రికలే పోర్ట్‌ఫోలియో.

మీకు డిజైన్ ఇష్టం ఉండి, ఇంట్లో వాళ్ల కోసం వేరే ఉద్యోగంలో చేరాల్సి వస్తే కల చచ్చిపోయిందనుకోకండి. ఉద్యోగం ఇల్లు గడుపుతుంది, మిగిలిన గంటలు మీ చేతిని తీర్చిదిద్దుతాయి. కాకపోతే ఆ గంటల్లో చేసిన పని ఎక్కడో ఒకచోట నలుగురి కంట పడాలి. పాపయ్య బొమ్మలు బీరువాలో ఉండిపోలేదు, అచ్చయ్యాయి. అచ్చయ్యాయి కాబట్టే తర్వాతి అవకాశం వెతుక్కుంటూ వచ్చింది.

చందమామ అనే టీమ్

ఆ అవకాశం చందమామ. 1947 జులైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసు నుంచి ఈ పిల్లల మాసపత్రిక మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతా భాషలు వచ్చి పన్నెండుకు పైగా అయ్యాయి. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన విజయా సంస్థ కూడా వీళ్లదే. కథను బొమ్మగా చెప్పడం ఎలాగో సినిమాలోనూ పత్రికలోనూ తెలిసిన మనుషులు.

చందమామను ఒక స్టార్టప్ టీమ్‌లా ఊహించుకోండి. చక్రపాణి సంపాదకుడు. ఇప్పటి భాషలో ప్రొడక్ట్ హెడ్ అనుకోవచ్చు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కథల పని చూసింది కొడవటిగంటి కుటుంబరావు. తోకచుక్క లాంటి జానపద సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. బొమ్మల వైపు చూస్తే చిత్ర, ఎం.టి.వి.ఆచార్య, శంకర్, వపా. ఆ జానపద సీరియళ్ల రాక్షసులు, మాంత్రికులు అనగానే చిత్ర గుర్తొస్తారు. భుజం మీద శవంతో కత్తి దూసి నడిచే విక్రమార్కుణ్ని గీసింది శంకర్. మహాభారతం ముఖచిత్రాలకు ఆచార్య పేరు. ఆచార్య తర్వాత ముఖచిత్రం బాధ్యత ఎక్కువగా పాపయ్య చేతికొచ్చింది. చక్రపాణి పిలుపుతో ఆయన చందమామకు పనిచేయడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొనసాగారు. ముఖచిత్రాలతో పాటు లోపలి పౌరాణిక కథలకూ బొమ్మలు వేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇలాంటి టీమ్‌లో బొమ్మ వేసేవాడి చేతులు ఎన్ని రకాలుగా కట్టేసి ఉంటాయో చూడండి.

ఒకటి, కథ తనది కాదు. రాసింది ఒకరు, దిద్దింది ఇంకొకరు. రెండు, పాత్రలు కూడా చాలాసార్లు తనవి కావు. కృష్ణుడు ఎలా ఉంటాడో పాఠకుడికి ముందే తెలుసు. నెమలి పింఛం లేకపోతే ఊరుకోడు. మూడు, పిల్లలూ చూస్తారు, వాళ్లకు కథ చదివి వినిపించే నాయనమ్మా చూస్తుంది. నాలుగు, అదే బొమ్మ అన్ని భాషల్లోనూ వెళ్తుంది. తెలుగు పిల్లాడికి అర్థమైనట్టే తమిళ పిల్లాడికీ, హిందీ పిల్లాడికీ అర్థం కావాలి. అయిదు, నెలకో సంచిక. తేదీ ఎవరి కోసమూ ఆగదు.

ఇన్ని షరతుల మధ్య పాపయ్య బొమ్మను ఏ పేరూ చూడకుండా దూరం నుంచే గుర్తుపట్టేవారు. అదెలా సాధ్యమైంది? ఆయన తన పద్ధతి గురించి క్లాసులు పెట్టి చెప్పిన మనిషి కాదు. ప్రచారానికి దూరంగా బతికారు. కాబట్టి మనం బొమ్మల్నే అడగాలి. పాత చందమామలు పక్కన పెట్టుకుని చూస్తే నాలుగు సంగతులు అర్థమవుతాయి.

కథలో ఏ క్షణం?

కథ నాలుగు పేజీలుంటే అందులో గీయదగ్గ క్షణాలు ఇరవై ఉంటాయి. ముఖచిత్రానికి ఒక్కటే కావాలి. పైగా ముఖచిత్రం చూసేవాడు కథ ఇంకా చదవలేదు. రాక్షసుడు చచ్చి పడి ఉన్న బొమ్మ వేస్తే కథ అక్కడే అయిపోతుంది. బాణం ఇంకా వింటిని వదలని క్షణం వేస్తే తర్వాత ఏమైందోనని పుస్తకం తెరుస్తాడు. వపా ముఖచిత్రాల్లో చాలావాటిలో ఏదో జరగబోతున్నట్టు ఉంటుంది. మనుషుల మెడ తిప్పుడు, కళ్లు, చేతులు మనల్ని ఆ జరగబోయేదాని వైపు తీసుకెళ్తాయి.

ఈ ఎంపిక చేతికి పెన్సిల్ తీసుకోకముందు జరగాల్సిన పని. కథ చదవకుండా ఇది కుదరదు. నా పోస్ట్‌మ్యాన్ పోస్టర్ ఎక్కడ చెడిందో మీకు తెలిసింది కదా!

పేరు ఎక్కడ పడుతుంది?

ముఖచిత్రం పైభాగంలో పత్రిక పేరు ఉంటుంది. తెలుగులో గుండ్రటి అక్షరాలు, హిందీలో తలకట్టు గీత, తమిళంలో వేరే పొడవు. బొమ్మ మాత్రం ఒకటే. అంటే పైన ఏ లిపి వచ్చి కూర్చున్నా బొమ్మ పాడవకూడదు. ముఖ్యమైన తల, కిరీటం, ఎగిరే గుర్రం అక్షరాల కిందకు వెళ్లకూడదు. పైన ఆకాశమో, కొండో, ఒకే రంగు పూతో ఉంటే అక్షరాలు స్పష్టంగా నిలుస్తాయి.

ఇప్పుడు యాప్ స్క్రీన్లు డిజైన్ చేసేవాళ్లు ఇదే సమస్యతో కుస్తీ పడుతున్నారు. ఇంగ్లిష్‌లో చిన్నగా ఉన్న బటన్ పేరు తెలుగులోకి మార్చగానే రెండు లైన్లయి డబ్బా దాటి బయటికి వస్తుంది. లోకలైజేషన్ అని దానికో పెద్ద పేరు, దానికో ప్రత్యేకమైన ఉద్యోగం. చందమామ వాళ్లు ఈ పనిని కాగితం మీద దశాబ్దాల పాటు చేశారు. ఇంటర్వ్యూలో బహుళ భాషల డిజైన్ గురించి అడిగితే చందమామ ఉదాహరణ చెప్పండి. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ప్రెస్‌లో ఏమవుతుంది?

కాగితం మీద వేసిన రంగు అలాగే అచ్చు కాదు. రంగుల బొమ్మను ఫిల్టర్లతో ఫొటో తీసి, నీలం, మెజెంటా, పసుపు, నలుపు అని నాలుగుగా విడదీస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. నాలుగూ ఒకే కాగితం మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. వెంట్రుకవాసి జరిగినా అంచులు చెదిరి, ముఖానికి రెండు ముక్కులున్నట్టు కనిపిస్తుంది. మరీ పలచని నీటిరంగు పూతలు ప్రెస్‌లో మాయమైపోవచ్చు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు ముదురు రంగులు కలిసి ఒకే మచ్చ కావచ్చు.

వపా బొమ్మల్లో మనిషి ఆకారాన్ని పట్టి ఉంచే గీత స్పష్టంగా ఉంటుంది. రంగులు నీటిరంగుల్లా ప్రవహిస్తాయి, కానీ ఆకారం చెదరదు. బొమ్మంతటినీ ఒక ప్రధాన రంగు ఏలుతుంది. నీలపు రాత్రి, కాషాయపు సంజె, ఆకుపచ్చ అడవి. దాని మీద ఒకచోట మాత్రమే ఎదురు రంగు మెరుస్తుంది. ఇలాంటి బొమ్మ చవక కాగితం మీద కూడా బతుకుతుంది. చిన్నప్పుడే అచ్చు బొమ్మలు చూస్తూ పెరిగిన మనిషి చేతికి ఇది తెలియడంలో వింత లేదు.

మీరు చేసే లోగో ఫోన్ స్క్రీన్ మీద మెరిసిపోవచ్చు. అదే లోగోను బొబ్బిలి బజారులో ఫ్లెక్సీ మీద, జిరాక్స్ కాపీలో, బ్లాక్ అండ్ వైట్ బిల్లు పుస్తకం మీద వేసి చూశారా? క్లయింట్ వాడేది అక్కడే.

పోయిన నెల మొహం ఈ నెలా ఉండాలి

పౌరాణిక కథలు నెలల తరబడి సాగుతాయి. మొదటి నెలలో దేవికి ఇచ్చిన మొహం, కిరీటం, చీర అంచు ఎనిమిదో నెలలోనూ అవే ఉండాలి. పిల్లలు ఇలాంటివి పెద్దవాళ్ల కంటే తొందరగా పట్టేస్తారు. ఇప్పటి యానిమేషన్ స్టూడియోల్లో దీనికి క్యారెక్టర్ షీట్ అని తయారు చేస్తారు. ఒకే పాత్రను ముందు నుంచి, పక్క నుంచి, కోపంలో, నవ్వులో గీసి టీమ్ అందరికీ ఇస్తారు. మీ పోర్ట్‌ఫోలియోలో పది రకాల వేర్వేరు బొమ్మలు పెట్టడం కంటే, ఒకే పాత్రను పది సందర్భాల్లో తేడా రాకుండా గీసి చూపించండి. స్టూడియోలకు కావాల్సింది అలాంటి చేయి.

ఒకే చేయి, రెండు పత్రికలు

చక్రపాణికి పెద్దవాళ్ల కోసం ఇంకో పత్రిక ఉండేది. పేరు యువ. కథలు, నవలలు వచ్చే మాసపత్రిక. అందులోనూ వపా బొమ్మలే ఆకర్షణ. యువ దీపావళి సంచిక వస్తే ఆయన చిత్రాల కోసమే కొని దాచుకున్నవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో అమ్మమ్మనో, పెద్దనాన్ననో అడగండి. కళ్లు పెద్దవి చేసి చెప్తారు.

చందమామలో దేవతలు, ఋషులు, యుద్ధాలు. యువలో కావ్యనాయికలు, ఋతువులు, రాగాలు, వారాలు, నక్షత్రాలు. రాగం అంటే చెవికి వినపడేది. దాన్ని కంటికి ఎలా చూపిస్తారు? ఏ వేళ పాడతారో ఆ వేళ వెలుగు, ఆ మనఃస్థితిలో ఉన్న స్త్రీ, చుట్టూ ఆ వాతావరణం. వినపడని దానికి రూపం ఇవ్వడం అంటే ఇదే. ఒక బ్యాంకు మీ దగ్గరకొచ్చి నమ్మకం అనే మాటకు బొమ్మ వేయమంటే మీరు చేయాల్సిందీ ఇలాంటి పనే.

పిల్లల పత్రికలో వేసే చేయి, పెద్దల పత్రికలో శృంగారం తొణికే నాయికను వేసే చేయి ఒకటే. రెండూ కలిసిపోలేదు. పాఠకుడు మారితే బొమ్మ భాష మారింది, బొమ్మ వేసే మనిషి మాత్రం మారలేదు. దీన్నే మీ ఇంటర్వ్యూలో ఆడియెన్స్ అనే మాటతో అడుగుతారు.

ఊరు విడిచిపెట్టని బొమ్మలు

చందమామ ఆఫీసు మద్రాసు వడపళనిలో. పాపయ్య ఇల్లు కశింకోటలో. మధ్య దూరం సుమారు 750 కిలోమీటర్లు. వీడియో కాల్ లేదు, ఈమెయిల్ లేదు. నగరంలో కూర్చోకపోతే ఇలాంటి పనులు రావనే మాట అప్పుడూ ఉండి ఉంటుంది, ఇప్పుడూ ఉంది. బొబ్బిలిలో, పార్వతీపురంలో, పాలకొండలో ఉండి డిజైన్ చేస్తానంటే మీ ఫ్రెండ్స్ నవ్వొచ్చు.

హైదరాబాద్ వెళ్లొద్దని చెప్పడం లేదు. వెళ్లండి, నేర్చుకోండి, నాలుగు డబ్బులు సంపాదించండి. కానీ ఊరి నుంచి ఏం తీసుకెళ్తున్నారో చూసుకోండి. వపా బొమ్మల్లో పౌరాణిక పాత్రలతో పాటు మన పల్లె ఆడపడుచులున్నారు, పండగలున్నాయి, పొలం పనులున్నాయి. శ్రీకాకుళంలో పుట్టినవాడి కన్ను అది. మద్రాసు స్టూడియోలో మోడల్‌ని కూర్చోబెట్టి గీస్తే వచ్చేది కాదు.

మన బొబ్బిలికే ఒక ఉదాహరణ ఉంది. గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు చేసే వీణ. పనస చెట్టు మొద్దును తొలిచి, చెక్కి, నగిషీ వేసి, మైనంతో 24 మెట్లు కూర్చి, తీగలు బిగిస్తారు. పని చేతులు మారుతూ సాగుతుంది. ఒకరు చెక్కిన దాని మీద ఇంకొకరు మెట్లు నిలబెడతారు. ముందు చెక్కినవాడు తర్వాతివాడి పనిని గుర్తుపెట్టుకోకపోతే స్వరం పలకదు. కథ, బొమ్మ, అచ్చు కలిస్తే చందమామ అయినట్టే ఇదీ. మన ఊళ్లోనే ఇంత మంచి కలెక్టివ్ వర్క్ ఉంటే మనం డిజైన్ థింకింగ్ గురించి యూట్యూబ్‌లో వెతుక్కుంటున్నాం.

మూలన ఉన్న రెండక్షరాలు

ఇప్పుడు అందరూ దాటేసే విషయం. పది మంది కలిసి చేసిన పనిలో పేరు ఎవరిది?

చందమామలో కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసినా పత్రిక మీద సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు పేరు లేకుండానే వచ్చాయి. తోకచుక్క చదివి రాత్రిళ్లు నిద్రపోని పిల్లలకు అది రాసిందెవరో తెలియదు. చాలామందికి ఆ పేరు ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. కానీ బొమ్మ వేసినవాళ్ల సంతకం బొమ్మలోనే ఉండిపోయింది. చిత్ర, శంకర్, వపా. చదవడం కూడా సరిగ్గా రాని పిల్లలు ఆ చిన్న అక్షరాలను గుర్తుపట్టారు. పాపయ్య సభలకు, సన్మానాలకు దూరంగా ఉన్నా జనం మరిచిపోకపోవడానికి మూలన ఉన్న ఆ రెండక్షరాలు ఒక కారణం.

నా అనుభవం ఒకటి చెప్తాను. చదువు అయిన కొత్తలో ఒక సంస్థకు పిల్లల పాఠాల కోసం నలభై దాకా బొమ్మలు వేశాను. డబ్బులు ఇచ్చారు, ఆలస్యంగానైనా ఇచ్చారు. పేరు వేయలేదు. పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు, సంతకం చేసిన కాగితంలో అలా ఉందన్నారు. చదవకుండా సంతకం పెట్టింది నేనే. తర్వాత ఉద్యోగం వెతుకుతున్నప్పుడు ఆ ఆరు నెలల్లో ఏం చేశావని అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క బొమ్మ లేదు.

కాబట్టి పని మొదలుపెట్టకముందే అడగండి. నా పేరు ఎక్కడ వస్తుంది? దీన్ని పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా? సోర్స్ ఫైళ్లు ఎవరివి? మార్పులు ఎన్నిసార్లు? ఇవి అడిగితే పని పోతుందేమోనని భయం వేస్తుంది, నిజమే. మర్యాదగా అడిగితే చాలాసార్లు పోదు. అలాగే మీతో పనిచేసిన రచయిత పేరు, ఫొటో తీసినవాడి పేరు, అక్షరాలు దిద్దిన అమ్మాయి పేరు మీ పోస్టులో మీరే రాయండి. మనకు కావాల్సింది ముందు మనం ఇవ్వాలి.

ఆ తర్వాత

వడ్డాది పాపయ్య 1992 డిసెంబర్ 30న కన్నుమూశారు. అప్పటికి 71 ఏళ్లు. ఆయన పోయాక ఇరవై ఏళ్లకు చందమామ కూడా ఆగిపోయింది. కానీ పాత సంచికలు దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. మనలో చాలామంది ఆయన అసలు పెయింటింగ్ ఒక్కటీ చూడలేదు. చూసిందంతా అచ్చు కాగితమే. అయినా బొమ్మ కనపడగానే వపా అనేస్తాం.

ఇప్పుడు ఏఐ టూల్‌కి రెండు లైన్లు టైప్ చేస్తే నిమిషంలో కృష్ణుడి బొమ్మ వస్తుంది. మీ ఉద్యోగాలు పోతాయేమోనన్న భయం నాకు తెలుసు, నాకూ ఉంది. ఆ టూల్‌కు గీయడం వచ్చు. ఇరవై క్షణాల్లో ఏది ఎంచుకోవాలి, మన పాఠకుడు ఎవరు, టైటిల్ ఎక్కడ పడుతుంది, కథ రాసినవాడు ఏ మాట దగ్గర ఆగి ఆలోచించాడు అన్నవి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ తేల్చే పని మీకు వస్తే టూల్ మీ చేతిలో ఉంటుంది. రాకపోతే మీరు గీసేదానికీ అది గీసేదానికీ తేడా చెప్పడం కష్టం.

ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టేందుకు ఒక పని చెప్తాను. కథలు రాసే ఫ్రెండ్ ఒకరిని పట్టుకోండి. మీ నాయనమ్మ చెప్పిన ఊరి కథ ఒకటి వాళ్లతో నాలుగు పేజీలు రాయించండి. రెండుసార్లు చదవండి. గీయదగ్గ క్షణాలు పది రాసుకోండి, ముఖచిత్రానికి ఒక్కటి ఎంచుకోండి. ఎందుకు ఎంచుకున్నారో మూడు లైన్లు రాయండి. పెన్సిల్‌తో మూడు చిన్న నమూనాలు వేసి ఫ్రెండ్‌కి చూపించండి. వాళ్లు కాదన్నది కూడా దాచుకోండి. తర్వాతే రంగులు. టైటిల్‌ను తెలుగులోనూ హిందీలోనూ పెట్టి చూడండి. చివరగా దగ్గర్లోని జిరాక్స్ షాపులో మామూలు కాగితం మీద కలర్ ప్రింట్ తీసి, ఏ రంగు చచ్చిందో చూసి సరిదిద్దండి.

మొదటి నమూనా నుంచి చివరి ప్రింట్ దాకా అన్నీ వరసగా ఒకే పేజీలో పెట్టండి. కింద మీ పేరూ, కథ రాసినవారి పేరూ వేయండి. పోర్ట్‌ఫోలియోలో ఆ పేజీ ముందు పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి. ఎలా చేశారో చెప్పమన్నప్పుడు చెప్పడానికి మీ దగ్గర కథ ఉంటుంది.